క్లిప్పులు వేసిన ఆరు వారాలకే తెల్లమచ్చలు: తప్పు ఎక్కడ జరుగుతోంది?

#1 ఆర్థో_పీజీ

క్లిప్పుల మీద ఇక్కడికి వచ్చే ప్రశ్నల్లో సగం ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట మాట్లాడుకుందామని ఈ చర్చ పెడుతున్నా.

పిల్లాడికి క్లిప్పులు వేశారు, అంటే పళ్లకు బ్రాకెట్లు అనే చిన్న ముక్కలు అతికించి, వాటికి తీగను రబ్బరు రింగులతో కట్టారు. రెండుపూటలా తోముతున్నాడు. ఆరో వారం తీగ మార్చడానికి వచ్చినప్పుడు రబ్బరు రింగులు తీసి గాలి కొడితే, పై ముందుపళ్లకు అటూఇటూ ఉండే చిన్నపళ్ల మీద, బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య సున్నం గీసినట్టు తెల్లటి చార. తడిగా ఉన్నప్పుడు కనపడదు, ఆరితేనే బయటపడుతుంది. ఈ దశలో పట్టుకుంటే అదృష్టం. తడిలో కూడా తెల్లగా కనిపిస్తోందంటే లోతుకు దిగినట్టే.

ఇది పుచ్చుకు మొదటి మెట్టు. గుంట పడలేదు, పైపొర నిలిచే ఉంది, దాని కింద ఖనిజం కరిగి బోలు అయింది. 1982లో గోరెలిక్ బృందం క్లిప్పులు తీసేసిన వాళ్లను చూస్తే దాదాపు సగం మందిలో కనీసం ఒక పంటి మీద ఈ మచ్చ ఉంది. ఎక్కువగా ఉన్నది పై చిన్నపళ్ల మీదే. ఒగార్డ్ బృందం 1988లో, ఎలాగూ తీసేయబోయే పళ్లకు పాచి పేరుకునేలా కావాలనే వదులు బ్యాండ్లు (పంటి చుట్టూ తొడిగే లోహపు పట్టీలు) వేసి చూస్తే నాలుగు వారాలకే మచ్చ కంటికి కనపడింది. నాలుగు వారాలు అంటే మామూలుగా మన రెండో విజిట్ కూడా రాదు.

ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "ఆ లోహం వల్ల క్రిములు పుడుతున్నాయా?" దానికి సరైన జవాబు మైక్రోబయాలజీ వాళ్లు చెబితే బాగుంటుంది.

#2 సూక్ష్మజీవి

లోహం వల్ల ఏదీ పుట్టదు. ఆ క్రిములన్నీ అంతకుముందే నోట్లో ఉన్నవే. మారేది వాటి జనాభా లెక్క, ఎవరికి చోటు దొరికిందన్న లెక్క.

తోమిన పంటి మీద కొన్ని నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు పలచటి పొరగా అంటుకుంటాయి. దాని మీద ముందుగా వాలేవి స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, ఒరాలిస్, మైటిస్, యాక్టినోమైసిస్ లాంటివి. ఇవి పెద్దగా హాని చేసే రకం కాదు. ఒకటి రెండు రోజులు కదిలించకుండా వదిలేస్తే పొర మందమవుతుంది, లోపల గాలి ఆడదు. అప్పుడు ఫ్యూసోబాక్టీరియం వంతెన కట్టినట్టు వచ్చి, ఆక్సిజన్ గిట్టని ప్రెవోటెల్లా, పార్ఫైరోమోనాస్ లాంటివాటికి చోటిస్తుంది. క్లిప్పు లేని పంటి నున్నటి ముఖం మీద పెదవి, చెంప, నాలుక, తిండి రాపిడికి పాచి ఇంత ముదరదు. బ్రాకెట్ పెట్టగానే దాని చుట్టూ, తీగ కింద, రబ్బరు రింగు వెనక రాపిడి తగలని మూలలు తయారవుతాయి. మునుపు ఏ పూటకు ఆ పూట పోయే పాచి ఇప్పుడు రోజుల తరబడి ముదురుతుంది. అసలు తేడా అంతే.

ఇక చక్కెర. క్లిప్పులు వేశాక లాలాజలంలో, పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, లాక్టోబాసిల్లస్ లెక్క పెరుగుతుందని చాలా అధ్యయనాలు చూపించాయి. తీసేశాక నెలల్లో మళ్లీ తగ్గుతుంది. ఇవి చక్కెర తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లంలో మిగతావి చస్తే ఇవి బతుకుతాయి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లో పాచి లోపల పీహెచ్ (ఆమ్లం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా కిందికి పడిపోతుంది. అక్కడి నుంచి ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలు. మామూలుగా అరగంట నుంచి గంటలో లాలాజలం దాన్ని పైకి లాగుతుంది. మందపాటి పాచి లోపలికి లాలాజలం చొరబడలేదు కాబట్టి క్లిప్పు మూలల్లో ఆ తేరుకోవడం ఆలస్యమవుతుంది.

పై చిన్నపళ్లే ఎందుకంటే, అక్కడ పెదవి వెనక లాలాజలపు పొర నిమిషానికి ఒక మిల్లీమీటరు కూడా కదలదు. కింది ముందుపళ్ల వెనక దానికి చాలా రెట్ల వేగం. గోరెలిక్ వాళ్లకే ఇంకో సంగతి కనపడింది: కింది ముందుపళ్ల వెనక ఏళ్ల తరబడి అతికించి ఉంచిన తీగ చుట్టూ తెల్లమచ్చ ఒక్కటీ లేదు. అక్కడా తీగే, అక్కడా అతుకే, కానీ నాలుక కింది గ్రంథి నాళాలు నేరుగా అక్కడే తెరుచుకుంటాయి. లోహమే దోషి అయితే అక్కడా మచ్చ రావాలి కదా?

#3 చిగుళ్ల_డాక్టరు

చిగుళ్ల వైపు చెప్తాను. పుచ్చు క్రిములూ చిగుళ్ల క్రిములూ వేర్వేరు ముఠాలు. ఒకే పాచిలో ఉన్నా పని వేరు. మిఠాయి మానేస్తే మొదటి ముఠా నీరసిస్తుంది. చిగుళ్ల వాపు మాత్రం తీపి ముట్టనివాళ్లకూ వస్తుంది.

1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Löe) అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక వారం పది రోజుల్లో తగ్గాయి. క్లిప్పు మూల అంటే ఆ ప్రయోగం మీ నోట్లో రోజూ నడుస్తున్నట్టే, కాకపోతే రెండు మూడు మిల్లీమీటర్ల మేర మాత్రమే.

ఇంట్లో చూసుకోవలసిన గుర్తులు: చిగురు అంచు కత్తి అంచులా సన్నగా ఉండాలి. గుండ్రంగా, మెరుస్తూ, ఎర్రగా ఉంటే వాపు. పళ్ల మధ్య చిగురు బుడిపెలా బ్రాకెట్ వైపు పాకుతుంటే ఇంకా ముదిరింది. ఆ బుడిపె పంటిని కప్పేస్తే దాని కింద దొంగజేబు ఒకటి ఏర్పడుతుంది. ఎముక తగ్గలేదు, చిగురే పైకి పెరిగింది, అయినా బ్రష్షు లోపలికి వెళ్లదు. అక్కడ పాచి ఇంకా పెరిగి చిగురు ఇంకా ఉబ్బుతుంది. 12–15 ఏళ్ల వయసు హార్మోన్లు కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

తోమితే రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తారు. ఇదే పెద్ద తప్పు. రక్తం వస్తున్నచోటే పాచి ఉంది. మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకో పది సెకన్లు ఎక్కువ ఉండాలి, వారంలో రక్తం ఆగుతుంది. రెండు వారాలు సరిగ్గా తోమినా ఆగకపోతే గార పట్టి ఉంటుంది, బ్రష్షుకు రాదు, స్కేలింగ్ చేయించాలి. నోటితో ఊపిరి తీసే పిల్లలకు పై ముందు చిగుళ్లు ఎండిపోయి ఎంత తోమినా ఎర్రగానే ఉంటాయి. వాళ్లకు ముక్కు సంగతి ఈఎన్‌టీకి చూపించకుండా చిగుళ్లను తిట్టి లాభం లేదు. మరీ అరుదుగా నికెల్ పడకపోవడం వల్ల కూడా వాపు వస్తుంది. పాచి లేనిచోట కూడా చిగురు ఎర్రబడి, పెదవుల మూలలు పగిలితే ఆ అనుమానం పెట్టుకోవాలి.

#4 ఇద్దరిఅమ్మ

అన్నీ చదివాను. "సరిగ్గా తోమడం" అంటే ఏమిటో ఎవరూ చెప్పట్లేదు సార్. బ్రష్షు ఎక్కడ పెట్టాలి, ఎన్నిసార్లు తిప్పాలి, అది చెప్పండి.

#5 బ్రష్షు_బామ్మ

నువ్వడిగిందే అసలు ప్రశ్న అమ్మా. మా వైపు డెంటల్ హైజీనిస్టుల పనంతా ఇదే.

బ్రాకెట్ ఒక గట్టు అనుకో. గట్టుకు పైన ఒక వాలు, కింద ఒక వాలు. మామూలుగా అడ్డంగా రుద్దితే బ్రష్షు గట్టు మీదే జారిపోతుంది, లోహం తళతళ మెరుస్తుంది, రెండు వాలుల్లో పాచి అలాగే ఉంటుంది. కాబట్టి ప్రతి పంటికీ మూడు చోట్లు.

మొదట చిగురు వాలు. కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద ఉండేలా 45 డిగ్రీలు ఏటవాలుగా పెట్టి, ఉన్నచోటే చిన్నగా వణికించాలి. ఈడ్చకూడదు. రెండు మూడు పళ్లకు కలిపి పది లెక్కపెట్టేంతసేపు. తరవాత బ్రాకెట్ ముఖం మీద నేరుగా. ఆ తరవాత అంచు వాలు, అంటే కొరికే వైపు నుంచి చిగురు వైపు చూస్తున్నట్టు వాల్చి మళ్లీ వణికించాలి. పై పళ్లకు చిగురు వాలు పైన ఉంటుంది, కింది పళ్లకు కింద. అద్దంలో కుడిఎడమలు తారుమారుగా అనిపిస్తాయి, మొదట్లో అలవాటు పడాలి.

అప్పుడు చిన్న బ్రష్షు, సీసాలు కడిగే బ్రష్షును బొటనవేలంత చేసినట్టు ఉంటుంది చూడు, అది. తీగ కిందుగా పై నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి, ప్రతి రెండు బ్రాకెట్ల మధ్యా. తీగ వెనక ఇరికితే లాగొద్దు, చిన్న సైజు తెచ్చుకో. దాని తీగ వంగితే పారేయి, చిగురుకు గుచ్చుకుంటుంది. చివరి దవడ పన్ను వెనక ముఖానికి ఒక్క కుచ్చు ఉండే బ్రష్షు ఉంటే మంచిది, అక్కడ బ్యాండు చుట్టూ పాచి దాక్కుంటుంది.

లోపలి వైపు మర్చిపోవద్దు. క్లిప్పు బయట ఉందని అందరూ బయటే రుద్దుతారు.

మొత్తం నాలుగైదు నిమిషాలు. రెండు నిమిషాలంటే క్లిప్పులు లేనివాళ్ల లెక్క. రాత్రి పూట మాత్రం వదలకూడదు. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, పాచిని కడిగేది ఉండదు. పొద్దున తోమి రాత్రి మానేసేవాడి కన్నా, రాత్రి బాగా తోమి పొద్దున హడావిడిగా తోమేవాడు నయం.

బ్రష్షు కుచ్చు బయటికి విచ్చుకోగానే మార్చు. క్లిప్పుల మీద తోమితే ఆరు నుంచి ఎనిమిది వారాలకే విచ్చుకుంటుంది, మూడు నెలలు ఆగొద్దు.

#6 వేపపుల్ల_వీరుడు

మా తాతలు వేపపుల్లతో తోమి 90 ఏళ్లు బతికారు. బొగ్గు పొడి, వేపపుల్ల సరిపోదా? ఇంకోటి, కరెంటు బ్రష్షు వాడితే బ్రాకెట్లు ఊడిపోతాయంటారు కదా.

#7 బ్రష్షు_బామ్మ

మీ తాతగారికి బ్రాకెట్లు లేవు బాబూ. పుల్లను నమిలి కుచ్చు చేసినా తీగ వెనకకు ఎలా వెళ్తుంది? పైగా పీచు తీగకు చుట్టుకుని అదే పాచికి పందిరి అవుతుంది. బొగ్గు, ఉప్పు, పళ్లపొడి గరుకుగా ఉంటాయి, ఇప్పటికే మెత్తబడిన తెల్లమచ్చ పైపొరను గీసేస్తాయి. వాటిలో ఫ్లోరైడ్ కూడా ఉండదు.

నువ్వులనూనె పుక్కిలించడం గురించి కూడా ఎవరో అడుగుతారు, ముందే చెప్తున్నా: చేసుకుంటే చేసుకోండి, బ్రష్షు తరవాత. బ్రష్షుకు బదులు కాదు.

కరెంటు బ్రష్షు వల్ల బ్రాకెట్లు ఎక్కువగా ఊడినట్టు ఎవరూ చూపించలేదు. ఊడేది ఎక్కువగా పల్లీపట్టి, చెరుకు ముక్క, గట్టి జంతిక కొరికినప్పుడే. కరెంటు బ్రష్షును రుద్దకూడదు, ఒక్కో పంటి మీద ఆనించి రెండు మూడు సెకన్లు ఆగాలి. నీళ్ల పిచికారీ మిషను ఇరికిన అన్నం మెతుకునూ పప్పునూ బాగా తోసేస్తుంది, చిగుళ్ల రక్తం తగ్గిస్తుంది, కానీ జిగురులా అంటుకున్న పాచి మాత్రం కుచ్చు తగిలితేనే పోతుంది.

#8 బర్మింగ్‌హామ్_ఫార్మసీ

ఫ్లోరైడ్ లెక్క ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. పాచిని నూటికి నూరుపాళ్లు ఎవరూ తీయలేరు, మిగిలినదాని నుంచి పంటిని కాపాడేది అదే.

భారత్‌లో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదని నిబంధన, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి. మా దగ్గర బ్రిటన్‌లో మామూలు పేస్టే 1450 ఉంటుంది. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు చీటీ మీద 10 ఏళ్లు దాటితే 2800, 16 దాటితే 5000 పీపీఎం ఇస్తారు. ఇక్కడి నుంచి ఊరికి వెళ్లేటప్పుడు చుట్టాల పిల్లలకు ఆ 5000 ట్యూబులు చాక్లెట్లలా పంచకండి. అది మందు. డాక్టరు చూసి రాసినవాళ్లకే.

"ఆయుర్వేద" అని రాసి ఉన్న చాలా పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉండదు. క్లిప్పులున్నంతకాలం ట్యూబు వెనక సోడియం ఫ్లోరైడ్ లేదా సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అన్న మాట వెతకండి.

తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. ఇది మనవాళ్లకు మింగుడుపడదు, చెంబుడు నీళ్లతో కడుక్కుంటే గానీ తోమినట్టు ఉండదు. ఆ చెంబుడు నీళ్లతోనే ఫ్లోరైడ్ కూడా పోతుంది. మరీ ఇబ్బందిగా ఉంటే ఒక్క గుక్క.

మౌత్‌వాష్ కావాలంటే రోజువారీ రకం 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే సుమారు 226 పీపీఎం. 10 మిల్లీలీటర్లు ఒక నిమిషం, తోమిన సమయంలో కాకుండా మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక. తరవాత అరగంట ఏమీ తినకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకు వద్దు, మింగేస్తారు. క్లినిక్‌లో రాసే వార్నిష్ 5 శాతం సోడియం ఫ్లోరైడ్, 22,600 పీపీఎం. తీగ తీసిన విజిట్‌లోనే రాయించుకుంటే బ్రాకెట్ చుట్టూ బాగా అందుతుంది. ఆ పూటంతా గట్టివి నమలకుండా, మర్నాడు ఉదయం దాకా తోమకుండా ఉంటే పొర నిలుస్తుంది.

#9 నల్గొండ_నుంచి

మాది నల్గొండ జిల్లా. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్ల పళ్ల మీద చిన్నప్పటి నుంచే తెల్లచారలు, గోధుమరంగు ఉన్నాయి. ఫ్లోరైడ్ పేస్టు వద్దని ఊళ్లో అందరూ అంటారు. క్లిప్పులు వేయిస్తే ఏ మచ్చ దేనివల్లో ఎలా తెలుస్తుంది?

#10 కమ్యూనిటీ_డెంటల్

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాల్లో తప్పక వచ్చేదే. మన దేశంలో, ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు అయిన ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ పేరుతో నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఉంది. పటిక, సున్నం కలిపి తేర్చడం.

ముందు భయం సంగతి. పళ్ల మీద ఫ్లోరోసిస్ చారలు వచ్చేది ఎనామిల్ తయారయ్యే వయసులో మింగిన ఫ్లోరైడ్ వల్ల, అంటే పుట్టిన దగ్గర నుంచి సుమారు 8 ఏళ్ల దాకా. 13 ఏళ్ల పిల్లకు జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల ఎనామిల్ అంతా ఎప్పుడో తయారైపోయింది. ఇప్పుడు పేస్టు వాడి ఉమ్మేస్తే కొత్త చారలు రావు. పైపూతగా తగిలే ఫ్లోరైడ్ వేరు, కడుపులోకి పోయేది వేరు. తాగే నీళ్ల సంగతి మాత్రం వదలొద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కలో ఆ నీళ్లు తాగకూడనివి. అది ఎముకల కోసం.

తేడా పట్టడం ఇలా. ఫ్లోరోసిస్ చారలు అడ్డంగా, పంటి అంతటా, ఎడమా కుడీ ఒకేలా ఉంటాయి. ఒకే వయసులో తయారైన పళ్లన్నిటి మీదా ఒకే ఎత్తులో కనిపిస్తాయి, అంచులు మసకగా కలిసిపోతాయి. క్లిప్పు మచ్చ అలా కాదు, బ్రాకెట్ ఆకారాన్ని అనుసరించి, చిగురు పక్కన వంపుగా, సుద్దలా మెరుపు లేకుండా ఉంటుంది. గోధుమరంగు రెండిట్లోనూ రావచ్చు కాబట్టి రంగును బట్టి తేల్చకండి.

అందుకే బ్రాకెట్లు అతికించే ముందు పళ్లు ఆరబెట్టి ఫోటోలు తీయించుకోండి: ముందు నుంచి ఒకటి, కుడి, ఎడమ. మీ ఫోన్లో కూడా ఒక కాపీ ఉంచుకోండి. రెండేళ్ల తరవాత "ఇవి ముందే ఉన్నాయి" "లేవు" అన్న పంచాయితీ రాదు. ఫ్లోరోసిస్ పళ్లకు బ్రాకెట్ అంత తొందరగా అతకదు కూడా, మామూలుగా జిగురు పట్టేలా పంటిని గరుకు చేయడానికి 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం అర నిమిషం లోపే చాలు, వీటికి ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది. డాక్టరుకు మీ ఊరి పేరు ముందే చెప్పండి.

#11 ఆర్థో_పీజీ

> తప్పంతా బ్రష్షుదేనా?

ఇలా ఎవరూ అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. మా వైపు తప్పులు కూడా ఉన్నాయి.

బ్రాకెట్‌ను పంటి మీద నొక్కినప్పుడు జిగురు చుట్టూ పొంగుతుంది. జిగురు గట్టిపడటానికి లైటు వేయకముందే దాన్ని సన్నటి పరికరంతో గీకేయాలి. వదిలేస్తే ఎండి గరుకు అంచు అవుతుంది. చిగురు వైపు అంచే చూడటానికి కష్టం, అక్కడే ఎక్కువ మిగిలిపోతుంది. పాచి మొదట అతుక్కునేది కూడా అక్కడే. అతికించిన రోజే నాలుక కొనతో లేదా గోటితో బ్రాకెట్ చుట్టూ తడిమి చూడండి. గరుకు తగిలితే చెప్పండి, నునుపు చేయడం రెండు నిమిషాల పని.

దవడ పళ్ల బ్యాండు లోపలి సిమెంటు కరిగిపోతే బయటికి బ్యాండు గట్టిగానే కనపడుతుంది, లోపల ఆమ్లం నిలవ ఉంటుంది. నెల తరవాత తీస్తే పన్ను చుట్టూ ఉంగరంలా పుచ్చు. ఆ పన్ను దగ్గర ఉప్పగా, వాసనగా ఉన్నా, కొరికినప్పుడు బ్యాండు కదిలినట్టు అనిపించినా తరవాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. సాధ్యమైనచోట బ్యాండు బదులు పంటికి అతికించే చిన్న లోహపు గొట్టం (ట్యూబు) మంచిదని నా అభిప్రాయం.

రబ్బరు రింగుల కన్నా స్టీలు తీగతో కడితే పాచి తక్కువ పడుతుందని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని కొన్ని. వాటికన్నా ముఖ్యం, రింగును ప్రతి విజిట్‌కూ మార్చడం. నోట్లో వారాల తరబడి ఉంటే రబ్బరు ఉబ్బి, సాగి, గరుకై స్పాంజిలా తయారవుతుంది. అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టి మూడు నెలలకు వచ్చేవాళ్ల రింగులు తీసినప్పుడు వచ్చే వాసన గురించి ఇక్కడ రాయను.

#12 చిగుళ్ల_డాక్టరు

క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే పుక్కిలింత మందు గురించి చెప్పకుండా పోతే తప్పు. మెడికల్ షాపుల్లో అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తున్నారు, నెలల తరబడి వాడుతున్నారు.

0.2 శాతం ద్రావణం అయితే 10 మిల్లీలీటర్లు, అర నిమిషం నుంచి నిమిషం, రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. అంతే. చిగుళ్లు బాగా వాచి బ్రష్షు తగిలించలేని స్థితిలో ఊతకర్రలా వాడే మందు ఇది. ఎక్కువ రోజులు వాడితే నాలుక రుచి మందగిస్తుంది, పళ్లకూ బ్రాకెట్ చుట్టూ జిగురు అంచుకూ గోధుమరంగు పడుతుంది. టీ, కాఫీ దాన్ని ఇంకా పెంచుతాయి. పేస్టుతో తోమిన వెంటనే వాడకండి, పేస్టులోని నురుగు పదార్థం దీని పని చెడగొడుతుంది. కనీసం అరగంట తేడా ఉంచండి.

ముదిరిన పాచి లోపలికి ఇది కూడా సరిగ్గా దిగదు. ముందు స్కేలింగ్, తరవాత ఇది.

#13 సూక్ష్మజీవి

తిండి గురించి ఒక్కమాట. ఎంత తీపి తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనం తరవాత రెండు బొబ్బట్లు ఒకేసారి తింటే ఒక్కసారి పీహెచ్ పడి తేరుకుంటుంది. అదే రెండు బొబ్బట్లను తుంచుకుని సాయంత్రమంతా కొరుకుతూ ఉంటే సాయంత్రమంతా కిందే ఉంటుంది. చక్కెర టీని గంటసేపు చప్పరించడం, కూల్‌డ్రింకు సీసా బల్ల మీద పెట్టుకుని చదవడం, చిప్స్ పొట్లం, గ్లూకోజు బిస్కెట్లు టీలో ముంచుకు తినడం ఇదే కోవ. బిస్కెట్ ముద్ద బ్రాకెట్ కింద అంటుకుంటే ఎక్కువసేపు నానుతూ ఉంటుంది. దానితో పోలిస్తే బెల్లం పానకం త్వరగా కడుక్కుపోతుంది. విచిత్రంగా అనిపించినా అంతే.

పిల్లలకు రాత్రి పడుకునే ముందు తీపి దగ్గు సిరప్ వేసి అలాగే పడుకోబెడతారు. సిరప్ ముందు, బ్రష్షు తరవాత.

పులుపు తిన్న వెంటనే, నిమ్మరసం తాగిన వెంటనే గట్టిగా తోమకండి, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

#14 ఇద్దరిఅమ్మ

పసుపు సంగతి? తెల్ల రబ్బరులు వేయించాం, రెండు రోజులకే పచ్చగా అయ్యాయి. అది పాచా?

#15 ఆర్థో_పీజీ

పాచి కాదండి, సాంబారు. పారదర్శకంగా ఉండే రబ్బరు పసుపును పీల్చేస్తుంది, తోమితే పోదు. తరవాతి విజిట్‌లో కొత్తవి వేసినప్పుడే పోతుంది. మన వంటలకు బూడిదరంగు లేదా ముదురు నీలం రింగులు అడగండి. పాచి అయితే రబ్బరు మీద కాదు, పంటి మీద, గోటితో గీస్తే తెల్లటి మెత్తటి ముద్దలా వస్తుంది.

#16 అలైనర్_అన్న

అలైనర్లు (క్లిప్పుల బదులు పళ్లకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) పెట్టుకున్నవాళ్లు "మాకు ఈ బాధ లేదు" అనుకుంటారు, కొంతవరకు నిజమే, తీసి తోముకోవచ్చు. కానీ రోజుకు 22 గంటలు ప్లాస్టిక్ పంటిని కప్పి ఉంటుంది, లాలాజలం పంటికి చేరదు. అది పెట్టుకునే చక్కెర కాఫీ తాగితే కాఫీ లోపలికి చేరి పంటి చుట్టూ తొట్టి కట్టినట్టు నిలుస్తుంది. అలైనరు ఉండగా మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. దాన్ని చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో, వాసన లేని సబ్బుతో కడగండి. వేడినీళ్లు పోస్తే వంకరపోతుంది, పళ్లు కదలాల్సిన దారి తప్పుతుంది. పేస్టుతో రుద్దితే గీతలు పడి ఆ గీతల్లో క్రిములు చేరతాయి.

తీసి పెట్టుకునే ప్లాస్టిక్ ప్లేటు వాళ్లకు ఇంకోటి: ప్లేటు కింద అంగిలి ఎర్రగా ప్లేటు ఆకారంలోనే కనపడితే అది కాండిడా అనే బూజు అయ్యుండొచ్చు. ప్లేటును డాక్టరు పెట్టుకోమన్న గంటలు తప్ప మిగతా సమయం శుభ్రం చేసి ఉంచండి, డాక్టరుకు చూపించండి.

#17 కమ్యూనిటీ_డెంటల్

గుండె సంగతి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. చిగురు వాచి ఉన్నప్పుడు పళ్ల మధ్య రబ్బరు సెపరేటర్లు దూర్చినా, బ్యాండు ఎక్కించినా కొద్దిసేపు క్రిములు రక్తంలోకి వెళ్తాయి. మామూలు మనుషులకు ఏమీ కాదు. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు, పుట్టుకతో కొన్ని రకాల గుండెలోపాలు ఉన్నవాళ్లు చిగురు తగిలే పనులకు ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. బ్రాకెట్ అతికించడానికీ తీగ సర్దడానికీ సాధారణంగా అవసరం లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది గుండె డాక్టరు చీటీ మీదే. సొంతంగా వేసుకోకండి. వాళ్లకు చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవడమే రోజువారీ మందు.

#18 వేపపుల్ల_వీరుడు

సరే ఒప్పుకున్నాను. ఇప్పటికే మచ్చలు వచ్చేశాయి, వచ్చే నెల క్లిప్పులు తీసేస్తారు. అవి పోతాయా?

#19 ఆర్థో_పీజీ

కొన్ని చాలావరకు తగ్గుతాయి, కొన్ని ఉండిపోతాయి. తీసిన రోజే ఏదో చేయించేయాలని తొందరపడకండి. మొదటి కొన్ని నెలలు లాలాజలమే ఖనిజం తిరిగి పోస్తుంది, మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు. ముందుపళ్ల మచ్చల మీద నేరుగా ఘాటు ఫ్లోరైడ్ పూయడం చాలామంది మానుకుంటారు. పైపొర తొందరగా గట్టిపడి, లోపలి బోలు అలాగే చిక్కుకుని తెలుపు శాశ్వతంగా ఉండిపోతుందన్న భయం. పాల ప్రొటీన్ ఆధారంగా చేసే సీపీపీ-ఏసీపీ క్రీములు అడుగుతారు. మామూలు ఫ్లోరైడ్ కన్నా ఎంత మేలన్నదానిపై ఫలితాలు ఒకేలా లేవు, పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లు అసలు వాడకూడదు.

మూడు నుంచి ఆరు నెలలు చూశాక ఇంకా కంటికి ఆనితే అప్పుడు రెండు దారులు. ఒకటి, పైపొరను ఆమ్లంతో, పొడితో కొద్దిగా అరగదీయడం. రెండు, పలచటి రెసిన్ (లైటు వేస్తే గట్టిపడే ద్రవం) లోపలికి ఇంకించడం: 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం జెల్ రెండు నిమిషాలు, కడిగి, ఆల్కహాలుతో ఆరబెట్టి, రెసిన్ పీల్చనిచ్చి లైటు వేస్తారు. ఆల్కహాలు పోయగానే మచ్చ మాయమైతే రెసిన్ కూడా పనిచేస్తుందని ముందే తెలుస్తుంది. మాయం కాకపోతే జెల్ ఇంకోసారి. గుంట పడిన మచ్చకు ఇవేవీ పనికిరావు, ఫిల్లింగే.

తీసేశాక కింది ముందుపళ్ల వెనక అతికించే తీగకు పుచ్చు భయం తక్కువ, గార భయం ఎక్కువ. దారం కింద నుంచి దూర్చడానికి గట్టి కొన ఉండే ఫ్లాస్ వాడండి, ఆరు నెలలకోసారి స్కేలింగ్.

#20 ఇద్దరిఅమ్మ

చివరగా ఒకటి. తోమింది సరిపోయిందో లేదో ఇంట్లో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? అద్దంలో చూస్తే అన్నీ శుభ్రంగానే ఉన్నట్టు కనపడుతుంది.

#21 బ్రష్షు_బామ్మ

ఉంది. పాచికి రంగు వేసే బిళ్లలు, చుక్కలు డెంటల్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. రెండు రంగుల రకం కొనండి, కొత్త పాచి గులాబీ, పాతది నీలం కనపడుతుంది. నీలం ఉన్నచోటే తెల్లమచ్చ రాబోయేది. అది దొరక్కపోతే వంటకు వాడే ఎర్రరంగును నీళ్లలో కలిపి దూదిపుల్లతో పళ్లకు అద్ది, ఒక్కసారి పుక్కిలించి ఉమ్మేయండి.

తోమిన తరవాత వేయాలి, ముందు కాదు. పెదాలకు ముందు వాజలైన్ రాయండి, తెల్లచొక్కా వేసుకున్నప్పుడు వద్దు, బడికి వెళ్లే పొద్దున్నపూట అసలే వద్దు, నాలుక ఎర్రగా ఉంటుంది. శనివారం రాత్రి మంచిది. పిల్లాడి పెదవి ఎత్తి ఫోన్ లైటు వేసి, పై చిన్నపళ్ల మీద బ్రాకెట్‌కూ చిగురుకూ మధ్య చూడండి. అక్కడ రంగు లేకపోతే మిగతాచోట్ల కూడా దాదాపు ఉండదు. ఉంటే వాడి చేతే, అద్దంలో చూస్తూ, రంగు పోయేదాకా తోమించండి. మీరు తోమి పెట్టొద్దు. మొదటి వారం పది నిమిషాలు పడుతుంది, నాలుగో వారానికి ఐదు.

సింకుకు అంటిన ఎర్ర మరక వంటసోడాతో పోతుంది.